లెక్క అయిపోయింది సార్... ఇప్పుడేం చెయ్యను?

చదువులో వెనకబడ్డ పిల్లల గురించి అందరం దిగులుపడతాం. మరి క్లాసుకంటే ముందు పరిగెత్తే పిల్లల సంగతి? 'వాడికేం, బాగానే చదువుతాడు' అని వదిలేస్తాం. పొరపాటంతా అక్కడే ఉంది. ఎంత పదునైన కొడవలైనా వాడకుండా చూరులో దోపి ఉంచితే తుప్పు పడుతుంది. పిల్లల తెలివీ అంతే!

నూజెండ్ల... పల్నాడు జిల్లా వినుకొండ నియోజకవర్గంలో ఓ మండల కేంద్రం. చుట్టుపక్కల మిరప, పత్తి, కంది చేలు. ఈ మండలమనే కాదు, తెలుగునాట ఏ పల్లె బడికైనా వెళ్లి వెనక బెంచీలో ఓ గంట కూర్చోండి. ఈ దృశ్యం కనిపించకపోతే అడగండి.

మాస్టారు బోర్డు మీద లెక్క వేస్తారు. చేతిలో సుద్దముక్క ఇంకా బల్ల మీద పెట్టనే లేదు, ఓ చెయ్యి పైకి లేస్తుంది.

'అయిపోయింది సార్!'

'సరే, కూర్చో. మిగతావాళ్లను చెయ్యనీ.'

కూర్చుంటుంది ఆ పిల్ల. కిటికీలోంచి చూస్తుంది. నోటుపుస్తకం చివరి పేజీలో బొమ్మ గీస్తుంది. పక్క పిల్ల జడ లాగుతుంది. మాస్టారు కోప్పడతారు. లేదంటే, 'నువ్వు ఖాళీగానే ఉన్నావుగా, ఇంకో పది లెక్కలు చెయ్యి' అంటారు. అవీ అలాంటి లెక్కలే. అంకెలు మాత్రం వేరు. రెండు మూడు సార్లు ఇలా జరిగాక ఆ పిల్లకో సంగతి అర్థమవుతుంది. తొందరగా చేస్తే బహుమతి లేదు, ఇంకాస్త చాకిరీ తప్ప. ఆ తర్వాత లెక్క అయిపోయినా చెయ్యి పైకి లేవదు.

నలభై మంది పిల్లలున్న క్లాసులో, పరీక్షల ఒత్తిడిలో మాస్టారు మాత్రం ఏం చేస్తారు? ఆయన తప్పేం లేదు. కానీ నష్టం మాత్రం ఉంది. అది ప్రోగ్రెస్ కార్డులో కనిపించదు. ఎందుకంటే ఆ పిల్లకు మార్కులు బాగానే వస్తాయి.

ఇప్పుడు అదే క్లాసులో ఈ లెక్క వేసి చూడండి. వంద కిలోల పండు మిర్చి కళ్లంలో పోశారు. అందులో నీళ్ల వాటా 80 శాతం. కొన్నాళ్లు ఎండాక నీళ్ల వాటా 60 శాతానికి తగ్గింది. ఇప్పుడు కాయలు ఎన్ని కిలోలు తూగుతాయి?

క్లాసంతా ఒక్క గొంతుతో 'ఎనభై' అంటుంది. పెద్దవాళ్లం మనమూ అదే అంటాం. కానీ జవాబు 50 కిలోలు. నమ్మలేకపోతున్నారా? మొదట నీళ్లు 80 కిలోలు, అసలు సరుకు 20 కిలోలు. ఎండలో పోయేది నీళ్లే కానీ సరుకు కాదుగా. ఎండాక ఆ 20 కిలోలే మొత్తంలో 40 శాతం కావాలి. అంటే మొత్తం 50 కిలోలు.

మామూలుగా అందరికంటే ముందు చెయ్యెత్తే ఆ పిల్ల ఈ లెక్క దగ్గర ఆగుతుంది. పెన్సిలు కొరుకుతుంది. రాసింది కొట్టేస్తుంది. ఆ కొట్టివేతలోనే అసలు చదువు మొదలవుతుంది. తెలివైన పిల్లలకు కావలసింది ఎక్కువ లెక్కలు కాదు, లోతైన లెక్క. ఒక్క లెక్కల్లోనే కాదు, తెలుగులో, సైన్సులో, సోషల్‌లో... అన్నింట్లోనూ.

ఫస్టు ర్యాంకే గుర్తా?

'మా క్లాసులో తెలివైన వాళ్లెవరో నాకు తెలుసు. మార్కుల లిస్టు చూస్తే సరి' అనుకుంటాం. అంత తేలిక కాదు.

అమెరికాలో లూయీ టెర్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1921లో ఓ పెద్ద అధ్యయనం మొదలుపెట్టాడు. తెలివితేటల పరీక్షలు పెట్టి, బాగా ఎక్కువ స్కోరు వచ్చిన దాదాపు 1500 మంది పిల్లల్ని ఏరి, వాళ్ల జీవితాల్ని దశాబ్దాల తరబడి గమనించారు. వాళ్లలో చాలామంది బాగా స్థిరపడ్డారు. కానీ నోబెల్ బహుమతి ఒక్కరికీ రాలేదు. చిత్రమేమిటంటే, ఆ పరీక్ష రాసీ స్కోరు చాలక జాబితాలో చోటు దక్కని ఇద్దరు పిల్లలు పెద్దయ్యాక భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఒకరు ట్రాన్సిస్టర్ కనిపెట్టిన వారిలో ఒకరైన విలియం షాక్లీ. ఇంకొకరు లూయీ అల్వారెజ్.

అంతదూరం ఎందుకు? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో! ఆ విద్యార్థే తర్వాత అమెరికా వెళ్లి ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ లాంటి మందుల వెనకున్న పరిశోధనలకు దారి చూపాడు. మొదటి రెండు మార్కుల లిస్టులు చూసినవాళ్లు ఆయన గురించి ఏమనుకుని ఉంటారో!

అమెరికా విద్యావేత్త జోసెఫ్ రెంజులీ 1978లో దీనికో తేలికైన లెక్క చెప్పాడు. ప్రతిభ అంటే మూడు వలయాలు కలిసే చోటు. ఒకటి, సగటుకంటే మెరుగైన సామర్థ్యం. రెండు, కొత్తగా ఆలోచించే గుణం. మూడు, పట్టిన పని వదలని పట్టుదల. మన మార్కుల లిస్టు కొలిచేది మొదటిదాన్ని మాత్రమే, అదీ కొంతమేరకు. మిగతా రెండూ కనబడాలంటే పిల్లల ముందు కష్టమైన పని పెట్టాలి. బరువు ఎత్తించకుండా బలం ఎలా తెలుస్తుంది?

వినుకొండ చెప్పే పాఠం

నూజెండ్లకు పొరుగునే ఉన్న వినుకొండ ఈ విషయంలో ఎప్పుడో పాఠం చెప్పింది. సుబ్బారావు పుట్టిన 1895లోనే, సెప్టెంబరు 28న వినుకొండలో గుర్రం జాషువా పుట్టారు. తండ్రిది ఓ కులం, తల్లిది మరో కులం. అంటరానితనం రాజ్యమేలుతున్న కాలం. బడిలో ఆ పిల్లవాడికి ఎదురైంది మెచ్చుకోలు కాదు, అవమానాలు. తెలివి లేక కాదు, తలుపు తెరిచేవాళ్లు లేక.

తర్వాత ఓ తలుపు తెరుచుకుంది. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర ఆయన మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. సంస్కృత సాహిత్యంలో శిఖరాల్లాంటి కావ్యాలు అవి. 'నీకు ఇవెందుకు, నీ స్థాయికి ఇది చాల్లే' అనలేదు ఆ గురువు. ఫలితం? 1941లో 'గబ్బిలం' వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపితే, జాషువా నాయకుడు గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి తన గోడు చెప్పి పంపాడు. చదువుకున్న కావ్యాన్ని అప్పజెప్పి ఊరుకోలేదు, దాన్ని తన బతుక్కి అన్వయించుకున్నారు. 1970లో పద్మభూషణ్ అందుకున్నారు.

జాషువాకు ఆ తలుపు తెరుచుకుంది. తెరుచుకోని వాళ్లెందరో? వాళ్ల పేర్లు మనకు తెలియవు. తెలిసే అవకాశమే లేదు. ఈ విషయంలో అసలు బాధ అదే.

గురుకులం దాకా వెళ్లేదెందరు?

తెలివైన పల్లె పిల్లల కోసం ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదనడం సరికాదు. పి.వి.నరసింహారావు చొరవతో 1971లో అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. మరుసటి ఏడాది గుంటూరు జిల్లా తాడికొండ, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లి. పల్లెల్లోని మెరికల్లాంటి పిల్లల్ని ఒకచోట చేర్చి చదివించాలన్నది ఆలోచన. ఆ బడుల్లో చదివినవాళ్లు ఐఏఎస్‌లు, డాక్టర్లు, శాస్త్రవేత్తలు అయ్యారు. 1986 జాతీయ విద్యావిధానంతో నవోదయ విద్యాలయాలు విస్తరించాయి. 2008లో పదో తరగతిలో మెరుగైన పల్లె పిల్లల కోసం నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు వచ్చాయి.

అన్నీ మంచివే. కానీ ఓ లెక్క చూడండి. నవోదయలో ఆరో తరగతికి ఏడాదికి తీసుకునేది గరిష్ఠంగా 80 మందిని. పల్నాడు ప్రాంతంలో మద్దిరాల నవోదయకు పరీక్ష రాసే పిల్లలెందరు, దక్కే సీట్లెన్ని? ఒకట్రెండు మార్కుల తేడాతో సీటు పోయిన పిల్లలు మర్నాడు ఉదయం ఎక్కడికి వెళతారు? తమ ఊరి బడికే. వాళ్ల తెలివి రాత్రికి రాత్రి మాయమైపోలేదు కదా!

కాబట్టి ఏరి తీసుకెళ్లే బడులు ఎన్ని ఉన్నా, ఊరి బడి చెయ్యాల్సిన పని ఊరి బడే చెయ్యాలి. 2020 జాతీయ విద్యావిధానం కూడా ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లల్ని టీచర్లు గుర్తించి, పాఠ్యపుస్తకాన్ని దాటి ప్రోత్సహించాలనే చెబుతోంది. సబ్జెక్టుల వారీగా బృందాలు, ప్రాజెక్టులు పెట్టమంటోంది.

ఇక్కడ ఇంకో సంగతీ ఉంది. జనవరి దాటితే మా వైపు మిరపకోతలు. ఇంటికి ఎన్ని చేతులుంటే అంత కూలి. సరిగ్గా పరీక్షల ముందు రోజులు. ఎనిమిదో తొమ్మిదో చదివే పిల్లకు బడిలో రోజూ తెలిసిన పాఠమే అయితే, 'ఇవాళ బడి మానెయ్, కోతకు రా' అన్నప్పుడు వద్దని చెప్పడానికి కారణం ఏముంటుంది? అదే, నిన్న సగంలో ఆపిన ఓ చిక్కు ప్రశ్న బడిలో ఎదురుచూస్తుంటే? 'అమ్మా, ఇవాళ వెళ్లాలి' అని ఒక్క మాటైనా అంటుంది. ఆ మాట అనే ఆడపిల్ల పెళ్లి గురించీ, ఆపై చదువు గురించీ ఇంట్లో పెద్దవాళ్లు రెండోసారి ఆలోచిస్తారు.

డబ్బు ఖర్చు లేని పని

ఇందుకు ల్యాబులు, కంప్యూటర్లు ఉంటే మంచిదే. లేకపోయినా ఆగక్కర్లేదు. కావలసింది మంచి ప్రశ్న. ఒక్కో సబ్జెక్టులో ఎలా ఉంటుందో చూద్దాం.

లెక్కలు: నాలుగు గట్ల చేను

పొలం నాలుగు గట్లూ సమానంగా లేనప్పుడు ఎదురెదురు గట్ల సగటు కట్టి, ఆ రెండు సగటుల్నీ గుణించి విస్తీర్ణం చెప్పడం పాత పద్ధతి. పిల్లల్ని అడగండి: ఈ పద్ధతి ఎప్పుడు సరైన జవాబిస్తుంది? ఎప్పుడు మోసం చేస్తుంది?

నాలుగు గట్లూ వంద గజాలే ఉన్న చేను అనుకుందాం. మూలలు సరిగ్గా ఉంటే 10,000 చదరపు గజాలు. అదే చేను ఓ పక్కకు ఒరిగి, ఓ మూల 60 డిగ్రీలే ఉంటే? గట్ల పొడవు మారలేదు కానీ విస్తీర్ణం సుమారు 8,660 గజాలకు పడిపోతుంది. తేడా 27 సెంట్ల పైమాటే! కొనేవాడు అంత భూమికి ఉత్తపుణ్యాన డబ్బు కట్టినట్టే. ఈ పద్ధతిలో జవాబు అసలుకంటే ఎక్కువ వస్తుందే తప్ప తక్కువ రాదు. ఎందుకో కనుక్కోమనండి. పదో తరగతి పిల్లలకు వారం రోజులు సరిపడా పని.

ఇది కొత్త ప్రశ్నేం కాదు. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో పొలాల విస్తీర్ణానికి వ్యవహారంలో సరిపోయే లెక్క వేరు, సూక్ష్మమైన లెక్క వేరు అని విడదీసి చెప్పాడు. ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు మన పావులూరి మల్లన. ఊరి పొలం లెక్కలోంచి వెయ్యేళ్ల చరిత్రలోకి వెళ్లొచ్చన్నమాట!

తెలుగు: 'ర' లేకుండా మీ ఊరు

మన దగ్గర తెలివికి పదును పెట్టే పద్ధతులు లేవని ఎవరన్నారు? అష్టావధానం ఏమిటి మరి! ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి పరీక్ష పెడతారు. ఒకరు అర్థం పర్థం లేని పాదమిచ్చి పూరించమంటారు. ఒకరు నాలుగు పొంతన లేని పదాలిచ్చి పద్యం చెప్పమంటారు. ఒకరు అడుగడుగునా ఓ అక్షరాన్ని నిషేధిస్తారు. మధ్యలో ఇంకొకరు గంట కొడుతుంటే అవి ఎన్నో లెక్కపెట్టుకోవాలి. నరసరావుపేట దగ్గరి కొప్పరం నుంచి వచ్చిన కొప్పరపు సోదర కవులు ఇలాంటి సభల్లోనే శతావధానులుగా పేరు తెచ్చుకున్నారు.

దీన్నే పిల్లలకు సరిపడా చేద్దాం. 'ర' అక్షరం, 'ర' ఒత్తు లేకుండా మీ ఊరి గురించి ఐదు వాక్యాలు రాయండి. ఊరు అనకూడదు, పల్లె అనాలి. చెరువు అనకూడదు, కుంట అనాలి. వర్షం అనకూడదు, వాన అనాలి. 'మా పల్లె పక్కన ఓ కుంట ఉంది. వానాకాలం నిండుగా ఉంటుంది.' ఇంతవరకూ బాగానే ఉంది. మరి మిరపకాయ? 'నాలుకను మండించే కాయ' అనాల్సిందే. పిల్లలు పడీపడీ నవ్వుతారు. నవ్వుతూనే తమకు తెలిసిన మాటలన్నీ తిరగేస్తారు. వ్యాసం బట్టీ పట్టించి రాయిస్తే ఇది జరుగుతుందా?

వ్యాకరణమూ అంతే. చెట్టు–చెట్లు, మెట్టు–మెట్లు, గుడ్డు–గుడ్లు. కానీ కట్ట–కట్టలు, గుడ్డ–గుడ్డలు. సూత్రం ఏమిటో మీరే కనుక్కోండి అనాలి. కనుక్కున్నాక, 'మరి ఆవు ఆవ్లు ఎందుకు కాలేదు?' అని ఇంకో మెలిక వెయ్యాలి. ప్రపంచవ్యాప్తంగా హైస్కూలు పిల్లలకు జరిగే భాషాశాస్త్ర ఒలింపియాడ్‌లో అడిగేవి ఈ కోవ ప్రశ్నలే. 2016లో ఆ పోటీలు మన పక్కనే మైసూరులో జరిగాయి.

సైన్సు: కారానికి మందేది?

కారం తిని నోరు మండితే నీళ్లు తాగాలా, మజ్జిగ తాగాలా? 'మజ్జిగే' అంటారు పిల్లలు. 'అలా అని ఎలా రుజువు చేస్తావు?' ఇదీ అసలు ప్రశ్న. చిటికెడు కారం, ఒకే కొలత. ఓసారి నీళ్లు, ఓసారి ఉప్పునీళ్లు, ఓసారి మజ్జిగ. మధ్యలో ఎంతసేపు ఆగాలి? మంటను ఎలా కొలవాలి? ఒక్కరి నాలుక సాక్ష్యం చాలా? ప్రయోగం ఎలా చెయ్యాలో పిల్లలే రాసి, టీచరుకు చూపించాకే మొదలుపెట్టాలి.

ఆ మంటకు కారణం క్యాప్సైసిన్ అనే పదార్థం. అది నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. నీళ్లు అంతగా పనిచెయ్యనిది అందుకే. అక్కడితో ఆగక్కర్లేదు. చిలకలు మిరపపండ్లు హాయిగా తింటాయి, వాటికి మండదేం? క్యాప్సైసిన్ మన శరీరంలో దేన్ని తాకితే మంట అనిపిస్తుందో వెతుకుతూ వెళ్లిన డేవిడ్ జూలియస్ అనే అమెరికా శాస్త్రవేత్త, వేడిని పసిగట్టే గ్రాహకాన్ని కనిపెట్టాడు. 2021లో వైద్యశాస్త్ర నోబెల్‌ను ఇంకొకరితో కలిసి పంచుకున్నాడు. పక్షుల్లో ఆ గ్రాహకం క్యాప్సైసిన్‌కు స్పందించదు. అదీ చిలక రహస్యం. మన కళ్లంలో ఎండుతున్న కాయకీ నోబెల్ బహుమతికీ మధ్య దూరం ఇంతే!

సోషల్: నాగమ్మ వైపు నుంచి

పల్నాటి యుద్ధం ఎప్పుడు జరిగింది, ఎవరెవరి మధ్య జరిగింది... ఇది అందరికీ వేసే ప్రశ్న. కాస్త ముందున్న పిల్లలకు ఇలా వెయ్యండి. యుద్ధం జరిగింది పన్నెండో శతాబ్దంలో. పల్నాటి వీరచరిత్ర రాసిన శ్రీనాథుడు దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాతివాడు. మరి ఆయనకు ఈ కథ ఎలా తెలిసింది? ఏది చరిత్ర, ఏది జనం నోట పెరిగిన కథ? కారంపూడిలో ఏటా జరిగే వీరుల ఉత్సవాల్లో పాడేది ఎవరి పక్షం కథ? అదే కథ నాయకురాలు నాగమ్మ చెబితే ఎలా ఉంటుంది, బ్రహ్మనాయుడు చెబితే ఎలా ఉంటుంది? ఇద్దరు పిల్లలు చెరోవైపు నిలబడి వాదించాలి. మర్నాడు వైపులు మార్చుకోవాలి. ఎదుటివాడి వాదన తన నోటితో చెప్పగలిగినవాడికి చరిత్రతో పాటు ఇంకా చాలా తెలుస్తాయి.

క్లాసులో ఎలా కుదురుతుంది?

'బాగానే ఉంది కానీ, సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?' టీచర్లు అడగాల్సిన ప్రశ్నే. మూడు చిన్న మార్గాలున్నాయి.

ఒకటి: కష్టమైనవి ముందు. అభ్యాసంలో ఇరవై లెక్కలుంటే, చివర్లో ఉండే కఠినమైన ఐదింటిని ముందే చెయ్యనివ్వండి. అవి సరిగ్గా చేసిన పిల్లలకు మిగతా పదిహేనూ మాఫీ. మిగిలిన సమయంలో లోతైన ప్రశ్న. తెలిసిన పాఠాన్ని కుదించి, మిగిలిన సమయాన్ని కొత్త పనికి వాడే ఈ పద్ధతిని రెంజులీ కూడా గట్టిగా చెప్పాడు.

రెండు: వారం ప్రశ్న. ప్రతి సోమవారం నోటీసు బోర్డు మీద ఓ చిక్కు ప్రశ్న అంటించండి. ఒక వారం లెక్కలు, మరో వారం తెలుగు, తర్వాత సైన్సు, సోషల్. ఏ తరగతి పిల్లలైనా జవాబు రాయొచ్చు. శనివారం ప్రార్థన సమయంలో జవాబు చెప్పాలి, చెప్పించేది పిల్లల చేతే. దీనివల్ల ఇంకో లాభం ఉంది. 'వీళ్లు తెలివైనవాళ్లు, వీళ్లు కారు' అని ముందే గీత గియ్యక్కర్లేదు. మార్కుల లిస్టులో ఎక్కడో అడుగున ఉన్న పిల్లవాడు ఏ బుధవారమో జవాబు కాయితం పట్టుకొచ్చి నిలబడొచ్చు. టెర్మన్ చేసిన పొరపాటు మనం చెయ్యకుండా కాపాడేది అదే.

మూడు: పై తరగతిలో ఓ గంట. ఏడో తరగతి పిల్లకు లెక్కలు బాగా వస్తే, ఆ ఒక్క పీరియడ్ తొమ్మిదో తరగతిలో కూర్చోనివ్వండి. మొత్తం తరగతి దాటించక్కర్లేదు. తెలివి అన్నింట్లో ఒకేలా ఉండదు. లెక్కల్లో ముందున్న పిల్ల తెలుగులో తోటివాళ్లతోనే ఉండొచ్చు.

ఒక్క జాగ్రత్త. తెలివైన పిల్లల్ని క్లాసుకు ఉచిత అసిస్టెంటు చెయ్యకండి. తోటివాళ్లకు చెప్పడం మంచి అలవాటే, కానీ రోజంతా అదే పనైతే తను నేర్చుకునేదెప్పుడు?

ఇంట్లో అమ్మానాన్నలకు

కొందరు తల్లిదండ్రులకు తెలివి అనగానే గుర్తొచ్చేది ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా బిట్లు. వేగం పెరుగుతుంది, నిజమే. కానీ ఒకే రకం ప్రశ్నలు వందలసార్లు చెయ్యడం 'ఇంకో పది లెక్కలు చెయ్యి' అనడానికి పెద్దన్న లాంటిది.

మెచ్చుకోవడంలోనూ కిటుకుంది. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఐదో తరగతి పిల్లలపై చేసిన అధ్యయనాలు ప్రచురించారు. 'నువ్వు ఎంత తెలివైనదానివో' అని మెచ్చుకున్న పిల్లల్లో ఎక్కువమంది తర్వాత తేలికైన పనినే ఎంచుకున్నారు. తప్పు చేస్తే ఆ పేరు పోతుందేమోనని భయం. 'బాగా కష్టపడ్డావు' అన్న పిల్లల్లో ఎక్కువమంది కష్టమైన పనికి సిద్ధపడ్డారు. కాబట్టి 'మా బంగారం ఎంత తెలివైందో' అనేముందు ఓ క్షణం ఆగి, 'ఇది ఎలా ఆలోచించావురా?' అని అడగండి.

చదువుకోని తల్లిదండ్రులు ఏం చెయ్యగలరు? చాలానే. ప్రపంచ ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువుకున్నారు. ఆయన తన పుస్తకాన్ని అంకితమిస్తూ తలుచుకున్నది తల్లినే. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, చదువుకోవడానికి నూనెదీపం వెలిగించినందుకు. 2023లో, 102 ఏళ్ల వయసులో ఆయన అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్నారు. లెక్క చెప్పలేకపోవచ్చు, దీపం వెలిగించగలం కదా!

ఈ తలుపులు తట్టండి

* ఎన్ఎంఎంఎస్: ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు. కుటుంబ వార్షికాదాయం రూ.3.5 లక్షలు దాటకూడదు. మేధాశక్తి మీద 90, పాఠ్యాంశాల మీద 90 ప్రశ్నలు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి రూ.12,000.

* నవోదయ: ఐదో తరగతి చదువుతుండగా రాసే పరీక్ష. రెండు గంటలు, 80 ప్రశ్నలు. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకే.

* ఇన్‌స్పైర్–మనక్: ఆరో తరగతి నుంచి పిల్లలు తమ సొంత ఆలోచనను బడి ద్వారా పంపొచ్చు. ఎంపికైతే నమూనా తయారీకి రూ.10,000.

* చెకుముకి సైన్స్ సంబరాలు: జన విజ్ఞాన వేదిక ఆధ్వర్యంలో బడి స్థాయి నుంచి రాష్ట్ర స్థాయి దాకా జరిగే పోటీలు.

* ఒలింపియాడ్లు: లెక్కలు, భౌతిక, రసాయన, జీవ, ఖగోళ శాస్త్రాల్లో. దేశంలో వీటికి కేంద్రం ముంబయిలోని హోమీ భాభా సైన్సు విద్యా కేంద్రం. పాత ప్రశ్నపత్రాలు ఉచితంగా దొరుకుతాయి. పోటీకి వెళ్లకపోయినా 'వారం ప్రశ్న'కు అవి బంగారు గని.

ఒకప్పుడు పదో తరగతిలో రాసే జాతీయ ప్రతిభా అన్వేషణ పరీక్ష 2021 తర్వాత ఆగిపోయింది. కాబట్టి ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్‌ను వదులుకోకండి.

ఈ సోమవారమే...

పరీక్షలు, స్కాలర్‌షిప్పులు మంచివే. కానీ అవి ఏడాదికోసారి వచ్చేవి. పిల్లలు బడికి రోజూ వస్తారు. ఆ రోజూ వచ్చే పిల్లకు రోజుకో కొత్త మెట్టు కనిపించాలి. అందుకు జీవో రానక్కర్లేదు, నిధులు విడుదల కానక్కర్లేదు. ఓ తెల్ల కాయితం, దాని మీద ఓ మంచి ప్రశ్న చాలు.

వచ్చే సోమవారం మీ ఊరి బడి నోటీసు బోర్డు మీద కళ్లంలో మిర్చి లెక్కే అంటించి చూడండి. ఎనభై అని రాసేవాళ్లు చాలామంది ఉంటారు. యాభై అని రాసిన కాయితం ఒక్కటి దొరికినా చాలు. ఆ పిల్ల ఎవరో చూడండి. కిటికీ పక్కన కూర్చుని, నోటుపుస్తకం చివరి పేజీలో బొమ్మలు గీసుకునే పిల్లే కావచ్చు.

ఈసారి ఆ పిల్ల చెయ్యెత్తి 'అయిపోయింది సార్' అంటే... 'అయితే ఇది చూడు' అనడానికి ఇంకో ప్రశ్న సిద్ధంగా ఉంచుకోండి.